ఆర్కిటెక్ట్ అంటే ఏం పనిరా?

కంపెనీలో నా హోదా ‘టెక్నికల్ ఆర్కిటెక్ట్’గా మారిన రోజు సాయంత్రం సిరిసిల్లకి ఫోన్ చేశాను. జీతం ఎంత పెరిగిందని అమ్మ అడిగింది. బాపు మాత్రం ఎప్పటిలాగే అసలు సంగతి అడిగాడు.

"అంటే ఏం పనిరా?"

ప్రోగ్రామర్‌గా ఉన్నన్నాళ్లూ "కంప్యూటర్ల రాస్త బాపూ" అనేవాణ్ణి. టీమ్ లీడ్ అయ్యాక "రాసేటోళ్లను చూస్త" అన్నాను. ఇప్పుడేం చెప్పాలి? రాసేది తక్కువ, రాసేవాళ్లని చూసేది ఇంకా తక్కువ. బోర్డు మీద డబ్బాలు గీస్తాను, డబ్బాల మధ్య బాణాలు గీస్తాను, ఆ బాణాల గురించి గంటలు గంటలు మాట్లాడతాను. ఇది బాపుకి ఎట్లా చెప్పేది? "పెద్ద పనే" అని దాటేశాను.

ఫోన్ పెట్టేసి ఆ రెండు మాటల్నీ నిఘంటువులో వెతికాను. మాటల పుట్టుక తవ్వడం నాకు పాత జబ్బు లెండి, ఇంట్లోవాళ్లకి విసుగు, నాకు కాలక్షేపం. చూస్తే నవ్వొచ్చింది. టెక్నికల్ అన్నా, ఆర్కిటెక్ట్ అన్నా గ్రీకులో కుదురు ఒక్కటే. మనవాళ్లు ‘గేటు దర్వాజా’ అన్నట్టు ఒకే మాటని రెండుసార్లు చెప్పి నాకు హోదా ఇచ్చారన్నమాట :)

గ్రీకులో టెక్టోన్ అంటే వడ్రంగి. హోమర్ కావ్యాల్లో దూలాలు చెక్కేవాడు, ఓడలు కట్టేవాడు టెక్టోన్. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఏసుకి ఊరివాళ్లు చెప్పిన వృత్తి కూడా ఇదే, అందుకే తెలుగు బైబిల్లో అది ‘వడ్లవాడు’ అయింది. ఈ టెక్టోన్‌కి ముందు ‘ఆర్ఖి’ చేరిస్తే (పెద్ద, మొదటి అని అర్థం) ఆర్ఖిటెక్టోన్, అంటే పెద్ద వడ్రంగి. మేస్త్రీ అనుకోండి. ఇక టెఖ్నే అంటే పనితనం, చేతిలో ఉన్న నేర్పు. ఈ లెక్కన నేను ‘పనితనం గల పెద్ద వడ్లాయన’ని. బాపుకి ఇదే చెప్పాల్సింది. చెప్పుంటే "నీకు మేకు కొట్టుడు రాదు గదరా" అనేవాడు.

టెఖ్నే చుట్టాలు మనకి రోజూ తగిలేవే. టెక్నిక్, టెక్నీషియన్, టెక్నాలజీ. ‘పాలీ’ అంటే అనేకం కాబట్టి పాలిటెక్నిక్ అంటే అనేక విద్యలు నేర్పే చోటు. ఆ రకం బడి మొదట 1794లో పారిస్‌లో పెట్టారు. ‘పైరో’ అంటే నిప్పు కాబట్టి పైరోటెక్నిక్స్ అంటే నిప్పుతో చేసే విద్య, మన దీపావళి టపాకాయలు. టెక్టోన్ వైపు నుంచి వచ్చింది టెక్టానిక్, భూకంపం వచ్చినప్పుడల్లా టీవీలో వినపడే మాట. భూమి ఎట్లా కట్టుకుని ఉందో చెప్పే శాస్త్రం అని.

అయితే ‘టెక్’ వినపడ్డ ప్రతిదీ చుట్టం కాదు. ప్రొటెక్ట్, డిటెక్టివ్ ఈ ఇంటివి కావు. అవి లాటిన్‌లో ‘కప్పు’ అనే అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చాయి. కప్పి ఉంచితే ప్రొటెక్షన్, కప్పు తీసేస్తే డిటెక్షన్. ఇలాంటి దొంగ చుట్టాలు మాటల లోకంలో చాలామంది.

అసలు సంగతి దీని తర్వాత ఉంది. గ్రీకు కంటే వెనక్కి వెళితే, భాషా శాస్త్రజ్ఞులు పునర్నిర్మించిన ఇండో యూరోపియన్ మూలభాషలో ఒక ధాతువు ఉంది. ‘టెక్స్’ అని పలకొచ్చు. చెక్కడం, అల్లడం, కూర్చడం దాని అర్థాలు. అది గ్రీకులోకి వెళ్లి వడ్రంగి అయింది. లాటిన్‌లోకి వెళ్లి నేతగాడు అయింది, టెక్సెరే అంటే నేయడం. టెక్స్‌టైల్ దాన్నుంచి వచ్చింది, టెక్స్ట్ కూడా దాన్నుంచే. మాటలతో నేసినది టెక్స్ట్. కాంటెక్స్ట్ అంటే పక్కపక్కన కలిపి నేసినది. సంస్కృతంలో మళ్లీ వడ్రంగే, తక్ష ధాతువుకి చెక్కడం అని అర్థం. అమరకోశంలో వడ్రంగి పేర్లలో తక్ష ఒకటి. పరీక్షిత్తుని కరిచిన తక్షకుడి పేరూ ఆ ధాతువుదే. (‘తక్షణం’ మాత్రం కాదు. అది తత్ + క్షణం. మళ్లీ దొంగ చుట్టం.)

ఒకే ధాతువు ఒకచోట వడ్రంగి, ఇంకోచోట నేతగాడు ఎట్లా అవుతుందని చదివినవాళ్లు ఆశ్చర్యపోతారు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. కోరుట్లలో మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది.

తాతది గుంట మగ్గం. ఇంట్లోకి అడుగుపెడితే ముందు మగ్గమే, మనుషులు దాని పక్కనుంచి ఒదిగి నడవాలి. దసరా సెలవుల్లో కోరుట్ల వెళితే నాకు రెండు చోట్లే కాలక్షేపం, తాత మగ్గం పక్కన అరుగు, ఎదురింటి వడ్ల తాత కొట్టం. మగ్గం కట్టేది వడ్లాయన. పలక అరిగినా, దోనె పగిలినా, నాడె (అటూ ఇటూ పోగుని మోసుకుపోయేది) మూతి చెక్కుకుపోయినా తాత నన్నే ఎదురింటికి పంపేవాడు. వడ్ల తాత నాడెను కంటి దగ్గర పెట్టుకుని చూసి, రెండు పట్లు పట్టి, వేలితో రాసి చూసి, "పొయ్యి మీ తాతకియ్యి, పోగు పట్టదిగ" అనేవాడు. ఆయన ఎన్నడూ నేయలేదు. కానీ ఎక్కడ గరుకుంటే పోగు తెగుతుందో ఆయన వేలికి తెలుసు. మా తాత ఎన్నడూ చెక్క చెక్కలేదు. కానీ టేకుకీ తుమ్మకీ తేడా చప్పుడుతో చెప్పేవాడు. ఈ రెండు విద్యలూ ఒకే మాటలో పుట్టాయంటే ఎవరికైనా వింత కావచ్చు గానీ ఆ గల్లీలో కాదు.

ఆ మగ్గాన్ని తాత పోయాక పొయ్యిలోకి వాడారు. మేనమామ 1996లో దుబాయి పోయాడు. (మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయే.) మామ తాత దగ్గర నేత, వడ్ల తాత దగ్గర చెక్క పని రెండూ పట్టుకున్నవాడు. రేడియోలు కూడా విప్పి బాగుచేసేవాడు. కానీ పదో తరగతి గట్టెక్కలేదు. పది పాస్ కాకపోతే పాస్‌పోర్టు మీద ‘ఎమిగ్రేషన్ చెక్’ అవసరం అని ముద్ర పడుతుంది, 1983 చట్టం ప్రకారం. మామ వీసా మీద వృత్తి అన్నచోట ‘లేబర్’ అని ఉండేది. నా పాస్‌పోర్టుకి ఆ ముద్ర లేదు, నా వీసాలో ‘టెక్నాలజీ ప్రొఫెషనల్’ అని ఉండేది. గ్రీకులని పిలిచి మమ్మల్నిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఇందులో టెఖ్నే ఎవరికుందని అడిగితే నా వైపు చూసేవాళ్లు కాదేమో.

అబ్బే, గ్రీకుల్ని కూడా మరీ పొగడక్కర్లేదు. ఆ సంగతి చెప్పాలంటే జగిత్యాల పోవాలి.

మా అక్కని జగిత్యాల ఇచ్చారు. అక్కడ కోట చూసినవాళ్లకి తెలుసు, నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. మన వైపు కొండ మీద కోటల్లా కాదు, ఫిరంగుల కాలపు యూరప్ పద్ధతి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించారని చెబుతారు. వాళ్లు జాక్, టాల్ అనే ఇద్దరనీ, వాళ్ల పేర్లు కలిసే జగిత్యాల అయిందనీ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. మా బావ అయితే పందెం కాస్తాడు. నేను నమ్మను. ఊరి పేర్ల మీద పుట్టే కథలన్నీ ఇంత సుబ్బరంగా ఉంటాయి, అందుకే అనుమానం. సరే, కథ నిజమైనా కాకపోయినా నాకు తట్టిన సంగతి వేరు. గీత గీసినవాళ్ల పేర్లు ఊరికే అంటుకున్నాయని మనవాళ్లు సంతోషంగా చెప్పుకుంటున్నారు. కందకం తవ్వినవాడి పేరు, రాయి చెక్కినవాడి పేరు కథలో కూడా లేవు. అబద్ధం చెప్పేటప్పుడైనా ఒక వడ్డెరాయన పేరు చేర్చొచ్చు కదా?

దీనికి మూలపురుషుడు అరిస్టాటిల్ అని నా అనుమానం. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దం మనిషి. ‘మెటాఫిజిక్స్’ మొదట్లోనే అనుభవం వేరు, టెఖ్నే వేరు అని విడదీస్తాడు. అనుభవం ఉన్నవాడికి ఇట్లా చేస్తే ఇట్లా అవుతుందని తెలుసట, టెఖ్నే ఉన్నవాడికి ఎందుకవుతుందో కూడా తెలుసట. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత అంటాడు, ఆర్ఖిటెక్టోన్‌కి కారణాలు తెలుసు కాబట్టి వాడు జ్ఞాని. చేతిపనివాళ్లు నిప్పు కాల్చినట్టు, తెలియకుండానే, అలవాటుకొద్దీ చేసుకుపోతారని. ప్రాణంలేని వస్తువులతో పోలిక! పెద్ద వడ్రంగి అని అర్థమున్న మాటలోంచి వడ్రంగిని తీసేసి ‘పెద్ద’ని ఒక్కటే ఉంచుకోవడం అక్కడే మొదలైందేమో. ఇప్పుడు మా ఆఫీసులో చూడండి. ఆర్కిటెక్ట్‌కి ఎందుకో తెలుసు, డెవలపర్‌కి ఎట్లానో తెలుసు, టెస్టర్‌కి ఏమీ తెలియదు. జీతాలు కూడా ఈ వరసలోనే. ఐదేళ్ల కిందటి సిస్టమ్‌లో ఏ మూల ఏ తప్పుందో మొత్తం తెలిసింది ఆ టెస్టర్ అమ్మాయికే అని అందరికీ తెలుసు, అప్రైజల్ రోజు తప్ప.

ఇక సిరిసిల్ల.

మా ఊళ్లో పవర్‌లూమ్ అని ఎవరూ అనరు, సాంచె అంటారు. హిందీలో సాంచా, మరాఠీలో సాచా అంటే అచ్చు, మూస. భివండి, షోలాపూర్ పనికి పోయి వచ్చినవాళ్లతో ఈ మాట వచ్చిందని నా ఊహ. సాంచెల్ని పెట్టుకుని కూలికి నేయించేవాడు ఆసామి, నూలిచ్చి బట్ట తీసుకునేవాడు సేటు, నడిపేవాడు కార్మికుడు. బాపు కార్మికుడు. నాలుగు సాంచెల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంట్లో బాపు గట్టిగా మాట్లాడేవాడు, టీవీ గట్టిగా పెట్టేవాడు. అది కోపం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. సాంచెల చప్పుడుకి చెవులు పోతున్నాయని ఇంజనీరింగ్‌లో ఉండగా తెలిసింది.

నేను సీప్ రాసి పాలిటెక్నిక్‌లో, ఆ తర్వాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరిన కాలం అది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఊరూరా ‘టెక్’ మంత్రం. అవే ఏళ్లలో, ఆ తర్వాత పదేళ్ల పాటు, పేపర్లో సిరిసిల్ల పేరు వచ్చిందంటే నేతకార్మికుడి ఆత్మహత్య వార్తే. కూలి గిట్టక, అప్పు తీరక. ఆత్మహత్యలు వద్దని గోడల మీద రాతలుండేవి మా ఊళ్లో. మిగతా ఊళ్లలో గోడల మీద సబ్బుల ప్రకటనలు ఉంటాయని నాకు హైదరాబాద్ వచ్చాకే కొట్టొచ్చినట్టు తెలిసింది. మా పక్క గల్లీలో నాతో ఏడో తరగతి దాకా చదివినవాడి తండ్రి పోయిన రోజు నేను సెమిస్టర్ పరీక్షలో ఉన్నాను. ఆ రాత్రి బాపు డ్యూటీకి పోయాడు. పోకపోతే కూలి రాదు.

2005లో ఉద్యోగంలో చేరిన రోజు నింపిన కాగితాల్లో ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి. నా పక్కన కూర్చున్నవాడు ‘బ్యాంక్ మేనేజర్’ అని రాస్తున్నాడు. నేను ‘టెక్స్‌టైల్ బిజినెస్’ అని రాశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. పెన్ను దానంతటదే రాసింది. తర్వాత ఎప్పుడో క్యాంటీన్‌లో ఒకడు "మీ నాన్నగారిది షాపా, మిల్లా?" అంటే "చిన్నదే" అన్నాను. పెళ్లి సంబంధాలప్పుడు బయోడేటాలో కూడా అదే సాగింది. ఒక్కసారి రాసినదాన్ని కాపీ పేస్ట్ చేసుకుంటూ పోవడం మన వృత్తిధర్మం కదా.

ఆ రెండు మాటల్లో టెక్స్‌టైల్ నిజమే. బిజినెస్ అబద్ధం. టెక్స్‌టైల్ అన్నదాని పక్కన దాని సొంత అన్నదమ్ముల బిడ్డ ‘టెక్నీషియన్’ అని రాసి ఉంటే రెండూ నిజమయ్యేవి. ఆ రోజు నాకు ఇన్ని మాటల పుట్టుకలు తెలియవు. తెలిసినా రాసేవాణ్ణా అంటే, ఏమో. సిగ్గుకి నిఘంటువుతో పనిలేదు.

టెక్నాలజీ అన్న మాట కథ కూడా కొంచెం చెప్పాలి, విచిత్రంగా ఉంటుంది. ప్రాచీన గ్రీకులో టెఖ్నోలోగియా అంటే యంత్రాలు కాదు, వ్యాకరణం! ఒక విద్యని క్రమపద్ధతిలో వివరించి చెప్పడం, ముఖ్యంగా వ్యాకరణాన్ని. గ్రీకు తొలి వ్యాకరణ గ్రంథం పేరే ‘టెఖ్నే గ్రమ్మటికే’. అంటే ఒకప్పుడు టెక్నాలజీ మాస్టారంటే మన తెలుగు పండితుడన్నమాట, పంచె, కండువాతో సహా. 1777లో జర్మనీలో బెక్‌మన్ అనే ఆయన చేతివృత్తుల గురించి రాసిన పుస్తకానికి టెక్నాలజీ అని పేరు పెట్టాడు. అందులో ఉన్నది నేత, అద్దకం, తోళ్లు ఊనడం వంటివి. 1861లో అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ పేరులో ఆ మాట చేరాక దాని దశ తిరిగింది. ఇప్పుడు నేత తప్ప అన్నీ టెక్నాలజీయే.

తెలుగులో మనం దీన్ని ‘సాంకేతిక పరిజ్ఞానం’ అన్నాం. సంకేతం నుంచి సాంకేతికం. అంటే గుర్తు, ఒప్పందం, సైగ. ఈ మాటతో నాకు పెద్ద తగాదా లేదు, కానీ ఇందులో చెయ్యి లేదు. బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక ప్రభుత్వ బోర్డు చదువుతూ (కన్నడ లిపి మనకి సగం వచ్చినట్టే కదా) ‘మాహితి తంత్రజ్ఞాన’ అన్న దగ్గర ఆగిపోయాను. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీకి కన్నడం. మరాఠీలోనూ టెక్నాలజీ తంత్రజ్ఞానమే. సంస్కృత నిఘంటువు తీసి తంత్రం చూడండి. మొట్టమొదటి అర్థం మగ్గం, పడుగు! తంతువు, తంతి, తంత్రం అన్నీ సాగదీయడం అనే ధాతువువి. పాణిని వ్యాకరణంలో మగ్గం మీద నుంచి అప్పుడే దించిన బట్టని తంత్రకం అంటారని సూత్రమే ఉంది. (సూత్రం అంటే ఏమిటి? దారం.) అంటే కన్నడిగులు తెలిసో తెలియకో ఐటీని ‘మగ్గం తెలివి’ అంటున్నారు. రోజూ ఆ బోర్డు కింద నుంచే ఆఫీసుకి పోతూ, ఫారంలో మగ్గాన్ని దాచిపెట్టినవాణ్ణి నేను.

తెలుగులో తంత్రం ఏమైంది? మంత్రతంత్రాలు, కుతంత్రం, ఎత్తుగడ. మోసం వైపు జారిపోయింది. ఇంగ్లీషులో క్రాఫ్ట్ నుంచి క్రాఫ్టీ వచ్చినట్టు. గ్రీకు టెఖ్నేకి కూడా జిత్తులు అనే అర్థం ఒకటుంది. చేతిలో నేర్పున్నవాణ్ణి చూసి వీడేదో మాయ చేస్తున్నాడని అనుమానపడటం అన్ని భాషల్లోనూ ఉన్నట్టుంది.

జకార్డ్ మగ్గం, చిల్లుల అట్టలు, బాబేజి, కంప్యూటర్... ఈ కథ మీ అందరికీ తెలుసు, ప్రతి ఇంజనీరింగ్ పుస్తకం మొదటి పేజీలో ఉంటుంది. అది వదిలేస్తాను. నాకు చెప్పాలనున్నది వేరే.

కిందటేడాది చలికాలంలో బాపు బెంగళూరు వచ్చి నెల రోజులున్నాడు. ఒక రాత్రి రెండింటికి నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తల పట్టుకుంటే లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. రాత్రి డ్యూటీల అలవాటు, ఇప్పటికీ రెండింటికి మెలకువ వస్తుంది ఆయనకి. ఏమైందని అడిగాడు. మా సిస్టమ్‌లో రోజూ రాత్రి నడిచే ఒక పని ఉంది, అది మూడు వారాల నుంచి కొన్ని లెక్కలని వదిలేసి ముందుకి పోతోంది, ఎర్రర్ రాలేదు కాబట్టి ఎవరూ చూడలేదు అని నాకొచ్చిన తెలుగులో చెప్పాను. ఆయనకి అర్థం కాదులే అనుకున్నాను.

"ఆగకుంట పోయిందన్నట్టు" అన్నాడు.

"ఆఁ."

"పేక పోగు తెగితె సాంచె దానంతట అదే ఆగుతదిరా. ఆగితె ఫికర్ లేదు, అతికి మల్ల నడిపిస్తం. పడుగు పోగు తెగితె ఆగదు. నడుస్తనే ఉంటది. చూస్కోకపోతె బట్ట పొడుగూత గీత పడ్తది, సేటు కోత పెడ్తడు. ఆగకుంట నడిచేదే ముంచుతది కొడుకా."

"మరి ఎట్ల తెల్సుకునేటోనివి? నాలుగు సాంచెలాయె, ఆ చప్పుడాయె."

"చెవికి తెల్వది. చేతికి తెలుస్తది. ఒక్కో సాంచె కాడికి వోయినప్పుడల్ల బట్ట కింద అరచెయ్యి పెట్టి గుంజేటోన్ని. గీత ఉంటె తాకుతది. ఒక్క దిక్కే తెగుతాందంటె పోగుది తప్పు కాదు, పన్నె పల్లు వంగిందన్నట్టు. అంతట తెగుతాందంటె గంజిది. పొద్దుగాల్ల మంచిగుండి మద్యాన్నం తెగుతాందంటె ఎండది, తేమ సాలలే."

నేను అట్లాగే చూస్తుండిపోయాను. మా భాషలో దీన్ని సైలెంట్ ఫెయిల్యూర్ అంటారు, దాని మీద కాన్ఫరెన్సుల్లో ఉపన్యాసాలిస్తారు. లక్షణాన్ని బట్టి కారణం విడదీయడాన్ని రూట్ కాజ్ ఎనాలిసిస్ అంటారు, దానికో టెంప్లేటు, మీటింగు, మర్నాడు ఫాలో అప్ మీటింగు. ఎందుకో తెలిసినవాడు జ్ఞాని, చేతిపనివాడు నిప్పులాంటివాడు అన్న అరిస్టాటిల్‌ని ఒక రాత్రి డ్యూటీ సిరిసిల్లలో చేయిస్తే బాగుండేది. ఒక్క రాత్రి. చాయ్ మనమే ఇప్పిద్దాం.

బాపు ఇచ్చిన సలహా ఏమీ లేదు నిజానికి. కానీ నేను ఆ రాత్రే ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. పని ఆగినా ఆగకపోయినా గంటకోసారి లోపలికి పోయినవెన్నో, బయటికొచ్చినవెన్నో లెక్కపెట్టి తేడా ఉంటే మమ్మల్ని లేపుతుంది. దాని పేరు ‘అరచెయ్యి’. టీమ్‌లో మిగతావాళ్లు తమిళులు, ఉత్తరాదివాళ్లు, పలకలేక చస్తుంటారు. అర్థం అడిగారు, చెప్పాను. ఎవరు నేర్పారని అడిగితే, మా నాన్న, పవర్‌లూమ్ కార్మికుడు అన్నాను. ఇరవై ఏళ్ల తర్వాత. షాపా మిల్లా అని అడిగినవాడు ఇప్పుడు ఈ కంపెనీలో లేడు, ఉంటే అతనికి కూడా చెప్పేవాణ్ణి.

సిరిసిల్లలో ఆ తర్వాత మంచిరోజులు కొన్ని వచ్చాయి. 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇచ్చింది, సాంచెలు ఆగకుండా నడిచాయి. 2024లో ఆ ఆర్డర్ లేక మళ్లీ ఆగాయి. ఆ తర్వాత మహిళా సంఘాల చీరలని ఇంకో ఆర్డర్. చేతిలో పని ఉన్నదీ లేనిదీ ఎక్కడో వేరేవాళ్లు నిర్ణయించడం, ఇది మా ఐటీవాళ్లకి కొత్తగా అర్థమవుతున్న సంగతి. ఈ మధ్య లేఆఫ్‌ల గురించి, ఏఐ గురించి ఆఫీసులో గుసగుసలు విన్నప్పుడల్లా నాకు మా గల్లీ గుర్తొస్తోంది. మా తాత మగ్గం పొయ్యిలోకి పోయిన సంగతి కూడా.

బాపు ఊరికి పోయే ముందు ఒళ్లు చూపిద్దామని ఆసుపత్రికి తీసుకుపోయాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫారం నింపుతూ పేరు అడిగింది, వయసు అడిగింది. ఆక్యుపేషన్ అంది.

"టెక్నీషియన్. రిటైర్డ్" అన్నాను.

బాపుకి సరిగా వినపడలేదు. పక్కకి రాగానే మోచెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఏం చెప్పినవ్ ఆ పిల్లకు?"

"సాంచెలు నడిపిండని చెప్పిన బాపూ."

"గంతేనా? వార్పిన్ గూడ చేసిన గద. అది చెప్పకపోయినవ్?"